పుచ్చెక్కడ, చేవెంత
(భిలాయి సెక్టర్ 7లో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకంగా ఇక్కడ కూడామో ఆయన్ని నేను బాబాయి అని పిలిచేవాణ్ని. మా క్వార్టరుకీ వాళ్ల క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో జీవితమంతా పని చేసినా, ఆయన చేతులకు ఉక్కు కంటే కొయ్యే ఎక్కువ తెలుసు. ఫౌండ్రీకి కావలసిన కొయ్య అచ్చులు చెక్కే ప్యాటర్న్ షాపు ఆయనది. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది కాబట్టి, తయారు కావలసిన వస్తువు కంటే అచ్చు కాస్త పెద్దదిగా ఉండాలి. ఉక్కు పోతకైతే మీటరుకు సుమారు 20 మిల్లీమీటర్లు. ఆ లెక్క తప్పితే ఎన్నో టన్నుల పోత వృథా. అందుకే అచ్చుకు ఎంచుకునే చెక్కను ఆయన ఊరికే చూసి తీసుకునేవారు కాదు. ఒక కొసను గుప్పిట్లో పట్టుకుని, వేలి కణుపుతో రెండో కొస మీద కొట్టి, తల వంచి వినేవారు. ఇంట్లో బల్లకైనా పీటకైనా అదే పద్ధతి. పక్కన నిలబడి చూస్తుంటే నాతో అనేవారు: "పలుకుతాందిరా, ఇది పనికొస్తాది. అది మూగది, అవతల పెట్టేయ్."

నేను పెద్దయి సివిల్ ఇంజనీరింగ్ చదివి, పాత కట్టడాల మరమ్మతు పనిలో పడ్డాను. ఇప్పటికీ నా పని అదే. పాత కప్పు కింద నిలబడి, ఏ దూలం పలుకుతోంది, ఏది మూగపోయింది అని తేల్చడం. ఉక్కు ఊళ్లో కొయ్య గురించి మాట్లాడటానికి సంకోచించడం లేదు. కొయ్యను పరీక్షించడం ఎందుకంత కష్టమో ఉక్కు తెలిసినవాళ్లకే త్వరగా అర్థమవుతుంది.

మనందరికీ తెలిసిన ఒక సంగతితో మొదలుపెడతాను. తిరుమలలో శ్రీవారి ఎదుట నిలిచే ధ్వజస్తంభం మన కంటికి బంగారం. లోపల ఉన్నది కొయ్య. పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న రోజుల్లో, 1980ల మొదట్లో, మరమ్మతు కోసం పైరేకులు విప్పితే లోపలి మాను పుచ్చిపోయి కనిపించింది. కణుపులు, పగుళ్లు, వంపులు లేని నిడుపాటి టేకు మాను కోసం వెతికి, చివరికి కర్ణాటక అడవుల నుంచి తెప్పించారు. ఆ కథను ఆయన తన 'నాహం కర్తా హరిః కర్తా'లో రాసుకున్నారు. భక్తులు ఆ కథలో దైవలీల చూస్తారు, నేనూ చూస్తాను. దానితోపాటు నా వృత్తికి సంబంధించిన సంగతీ ఒకటి కనిపిస్తుంది: ఎన్నో ఏళ్లు కోట్లమంది కళ్లెదుటే నిలబడిన స్తంభం లోపల ఏముందో, రేకు విప్పేదాకా ఎవరికీ తెలియలేదు. కొయ్య పైకి ఏమీ చెప్పదు. రంగు వేసిన దూలాన్ని చెదలు లోపలంతా తినేసి, రంగు పొర మందాన మాత్రం పైచర్మాన్ని వదిలిపెడతాయి. అటువంటి దూలం మీద వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోతుంది.

అందువల్లనే మన వాళ్లలో ఒక భయం స్థిరపడింది. పాత ఇంట్లో ఒక్క చోట పుచ్చు కనిపిస్తే చాలు, కప్పంతా పోయినట్టే అనుకుంటాం. విప్పేసి స్లాబు వేయిస్తాం. ఈ సాయంత్రం నా వాదనంతా ఈ భయం మీదే. కొయ్యను పరీక్షించేది పుచ్చును పట్టుకోవడానికి మాత్రమే కాదు. పుచ్చు ఎక్కడ ఆగిందో కనుక్కుని, దాని అవతల చేవ ఎంత మిగిలిందో లెక్క తేల్చడానికి. ఆ రెండో సగం చేయని పరీక్ష పరీక్షే కాదు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు, ఒక తప్పు చేసి తెలుసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోస్తాలో ఒక పాత బంగళా చూడటానికి వెళ్లాను. మద్రాసు మిద్దె: టేకు దూలాలు, వాటి మీద సన్నటి దంతెలు, వాటి మీద సున్నంతో ఐమూలగా నిలబెట్టి పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు, అన్నిటి మీదా పలక ఇటుక. 14 దూలాలు. అంటే గోడలో కూర్చున్న కొనలు 28. నేను స్క్రూడ్రైవరుతో 4 కొనలు పొడిచాను. రెండు కొనల్లోకి పిడి దాకా దిగింది. నాలుగింట రెండు పోయాయంటే సగం కప్పు పోయినట్టేనని, "దూలాలు శిథిలమయ్యాయి, కప్పు మొత్తం మార్చవలెను" అని రాసి సంతకం పెట్టాను. మార్చారు.

కొన్ని నెలలకు ఆ దూలాలు కొన్న అడితికి వేరే పని మీద వెళ్లాను. నా ఎదుటే కోస్తున్నారు. రంపం కింద బంగారు రంగు కొయ్య, అడితంతా టేకు వాసన. అక్కడే నిలబడి 28 కొనలూ లెక్కపెట్టాను. పుచ్చినవి 5. పుచ్చు గోడ లోపలి భాగం దాటి జానెడు కూడా పాకలేదు. ఆ అయిదూ ఇంటికి ఒకే వైపువి, పైన ఆకులు అడ్డుపడి వాననీరు నిలిచే తూము కిందివి. నేను పొడిచిన నాలుగింటిలో రెండు సరిగ్గా ఆ తూము కిందే ఉన్నాయి. తూము శుభ్రం చేసి, ఆ అయిదు కొనలకు అతుకులు వేసి ఉంటే ఆ కప్పు ఇంకో నూరేళ్లు నిలిచేది. ఆ రోజు నేను బంగళా బయటికి వెళ్లి తూము వైపు తలెత్తి చూడలేదు. ఆ దూలాల వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే ఇప్పుడు ఏ పాత ఇంటికి వెళ్లినా, నా పరీక్ష ఇంటి లోపల మొదలవదు. వానాకాలంలో, వీలైతే వాన పడుతుండగా, ఇంటి చుట్టూ తిరిగి నీళ్ల దారి చూస్తాను. కొయ్యను కుళ్లబెట్టే శిలీంధ్రానికి చెమ్మ కావాలి. కొయ్యలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పెరగదు. 28, 30 శాతం దగ్గరికి చేరి, పోగుల గోడలు నీటితో నిండిపోయాక విజృంభిస్తుంది. పొడిగా ఉంచిన టేకు ఎన్ని తరాలైనా ఉంటుంది. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలిస్తే పుచ్చు ఎక్కడ ఉండవచ్చో ముందే సగం తెలిసిపోతుంది. మద్రాసు మిద్దెలో అది గోడలో కూర్చున్న కొన. కొయ్య పోగులన్నీ అక్కడ తెగి, నోళ్లు తెరుచుకుని ఉంటాయి. పక్క నుంచి వచ్చే తడి కంటే కొన నుంచి వచ్చే తడిని కొయ్య ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది, పైగా గోడ లోపల గాలాడదు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో నాలుగు వైపుల కప్పు నీళ్లూ నడిమి వాకిట్లో పడతాయి. అక్కడ రెండు కప్పులు కలిసే మూల వాసాలు ముందుగా పోతాయి. స్తంభాలైతే కింది జానెడు, రాయికి ఆనుకున్న చోటు. నడిమి భాగం సాధారణంగా భేషుగ్గా ఉంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చంద్రగిరి రాజమహల్ మాట చెప్పాలి. మూడంతస్తుల ఆ విజయనగర కాలపు కట్టడాన్ని రాయి, ఇటుక, సున్నంతో లేపారు. కొయ్య వాడలేదు. చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ, కొయ్య బలమూ బలహీనతా రెండూ తెలిసినవాడు కట్టినట్టు అనిపిస్తుంది. మన తాతలు అందరూ రాజులు కారు. వాళ్లకు దొరికింది కొయ్య, దాన్ని చెమ్మ నుంచి కాపాడుకోవడం నేర్చుకున్నారు.

ఇప్పుడు ఉక్కు సంగతికి వస్తాను. మన కర్మాగారంలో ప్రతి పోతకూ ఒక హీట్ నంబరు ఉంటుంది. ఏ రోజు, ఏ కొలిమి, కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత అని కాగితం ఉంటుంది. పట్టా మీద శబ్ద తరంగం పంపితే లోపలి లోపం బయటపడుతుంది, ఎందుకంటే లోపం లేని ఉక్కు ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5,900 మీటర్లు వెళుతుంది. మరి కొయ్య? పోగు వెంట 4,000 నుంచి 5,000 మీటర్లు. అదే దూలంలో పోగుకు అడ్డంగా పంపితే 1,000 నుంచి 1,500 మీటర్లు. ఒకే ముక్కలో ఇంత తేడా! దూలానికి అటొకటి ఇటొకటి సూది గుచ్చి, చిన్న సుత్తితో కొట్టి, శబ్దం చేరడానికి పట్టే కాలం కొలుస్తాం. లోపల డొల్ల ఉంటే శబ్దం చుట్టూ తిరిగి రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది. కానీ ఏ దిక్కున కొలిచామో, ఆ చెట్టు ఏదో, తేమ ఎంతో తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు. దూలానికి హీట్ నంబరు లేదు. దాని కాగితం దానిలోనే ఉంది, మనం కూర్చుని చదువుకోవాలి.

చదవడానికి సాధనాలు చాలానే వచ్చాయి. ఒకటి మాత్రం ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే అది తెలుగు ఇళ్లలో ఒక వింత తప్పు చేయిస్తుంది. 3 మిల్లీమీటర్ల ముక్కు ఉన్న సన్నని సూదిని కొయ్యలోకి దింపుతూ, అది ఎదుర్కొనే నిరోధాన్ని గీతగా రాసుకునే యంత్రం ఉంది. గట్టి కొయ్యలో గీత పైకి లేస్తుంది, పుచ్చులో పడిపోతుంది. మిగిలే రంధ్రం ఒక పురుగు చేసే బెజ్జం కంటే పెద్దది కాదు. టేకు దూలంలో గీత మధ్యలో పడిపోతే, నడుమ డొల్ల అని అర్థం. సరే. ఇప్పుడు ఉత్తరాంధ్ర పల్లెకు రండి. అక్కడ ఇంటికి తాటి దూలాలు, తాటి వాసాలు. తాడి టేకులాంటి చెట్టు కాదు. దానికి ఏటేటా ఏర్పడే వలయాలు లేవు. గట్టిదనమంతా అంచున, నల్లటి నార కట్టల్లో. మధ్యన మెత్తన. అది పుట్టుక నుంచే అంతే. టేకుకు చేవ లోపల, తాడికి చేవ బయట. ఆరోగ్యంగా ఉన్న తాటి దూలంలో ఈ సూది దింపితే గీత అంచుల్లో లేచి నడుమ పడిపోతుంది. యంత్రం పక్కన కూర్చున్నవాడికి తాడి తెలియకపోతే, ఆ గీత చూసి మంచి దూలాన్ని చచ్చిందని రాసేస్తాడు. వేరే దేశాల చెట్ల కోసం రాసిన సూచనల పుస్తకం పట్టుకుని మన పల్లెకు వెళ్లేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు అక్కడి వడ్రంగిని అడగండి, ఇది ఏ చెట్టు అని. అతనికీ అనుమానమైతే గోరంత ముక్క తీసి డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థకు పంపితే సూక్ష్మదర్శిని కింద చూసి చెబుతారు.

పురుగు బెజ్జాల విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఈ రాష్ట్రం వాళ్లకు ఇది బాగా తెలియాలి. 1990ల చివర్లో, ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో కలిసి ఉన్న రోజుల్లో, సాలు చెట్లకు తొలుచు పురుగు పట్టి మండ్లా, దిండోరీ వైపు అడవులు అతలాకుతలమయ్యాయి. చెట్లను లక్షల్లో నరకవలసి వచ్చింది. సాలు అంటే మన గుగ్గిలం చెట్టే. ఆ పురుగు బతికున్న చెట్టునూ, కొత్తగా పడిన పచ్చి మానునూ తొలుస్తుంది. ఎండిన పాత దూలం దానికి పనికిరాదు. కాబట్టి పాత సాలు దూలంలో చిటికెన వేలు దూరేంత బెజ్జాలు కనిపిస్తే భయపడనక్కరలేదు. ఆ పురుగు కథ అడవిలోనే ముగిసింది. ఎంత కొయ్య తక్కువైందో లెక్క తీసుకుంటే చాలు. గుండుసూది తలంత బెజ్జాలు, వాటి నుంచి రాలే మెత్తటి పిండి, అదీ చూసుకోవలసింది. బెజ్జం అంచు తెల్లగా ఉంటే కొత్తది, నల్లబడితే పాతది. తేలకపోతే కింద నల్ల కాగితం పరిచి వచ్చి, నెల తరవాత చూడాలి. పిండి పడి ఉంటే పురుగు బతికున్నట్టు. అది కూడా చాలాసార్లు చేవ చుట్టూ ఉండే తెల్లటి లేత పొరనే తింటుంది, చేవ జోలికి రాదు.

మిగిలిన కొయ్య ఎంత మోస్తుందన్నది చివరి ప్రశ్న. ఇక్కడున్న ఇంజనీర్ల కోసం ఒక్క లెక్క చెబుతాను. 20 సెంటీమీటర్ల లోతున్న దూలానికి నడుమ అడుగున 2 సెంటీమీటర్లు పోయాయనుకోండి. పోయింది పదో వంతే. కానీ అక్కడ వంపును తట్టుకునే బలం 81 శాతానికి, వంగకుండా నిలిచే బిగువు 73 శాతానికి పడిపోతుంది. అదే పదో వంతు పక్క నుంచి పోతే నష్టం ఇంత ఉండదు. ఎంత పోయిందో ఒక్కటే చాలదు, ఎక్కడి నుంచి పోయిందో కావాలి. పగుళ్లూ అంతే. పోగు వెంట నిడుపుగా నడిచే పగులు కొయ్య ఎండినప్పటి గుర్తు, చాలావరకు నిరపాయం. అడుగున మొదలై పోగును కోస్తూ ఏటవాలుగా పైకి పాకే పగులు కనిపిస్తే ఆ రోజే కింద ఊతం పెట్టించండి. మరి సాగి వంగిన దూలం? నూరేళ్ల బరువు కింద కొయ్య మెల్లగా వంగుతుంది, వంగిన చోట అలాగే నిలబడుతుంది. వంపు ఉందా అని కాదు, వంపు పెరుగుతోందా అని అడగాలి. దానికి ఒక దారం, ఒక మేకు, ఓపిక చాలు.

కొయ్యను కాపాడటానికి ఉక్కు ముందుకొచ్చిన ఒక కథ ఈ ఊళ్లో చెప్పకుండా ఉండలేను. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ హాలు కప్పు 14వ శతాబ్దపు చివరిది, ఓక్ కొయ్యది. 1914లో ఫ్రాంక్ బెయిన్స్ అనే ఆర్కిటెక్టు ఆ కప్పు స్థితి మీద నివేదిక ఇచ్చాడు. పురుగు తొలిచి భారీ దూలాల లోపల పెద్ద గుహలే చేసింది. పడగొట్టి కొత్తది కట్టమనడం సులువు. ఆయన ఒక్కో దూలాన్ని చూసి, బాగున్నదాన్ని ఉంచి, బరువు మోయలేని చోట కంటికి కనపడకుండా ఉక్కు బిగించాడు. 1923 నాటికి పని పూర్తయింది. ఆ కప్పు ఈనాటికీ నిలిచి ఉంది. 2017 డిసెంబరులో మన ఢిల్లీలోనే జరిగిన ఇకోమాస్ (అంతర్జాతీయ స్మారక కట్టడాల మండలి) మహాసభ కొయ్య వారసత్వ కట్టడాల పరిరక్షణ సూత్రాలను ఆమోదించింది. ముందు స్థితిని పూర్తిగా పరిశీలించి రాసుకోవాలి, తరవాతే చెయ్యి వేయాలి, వేసినా తక్కువలో తక్కువగా వేయాలి అన్నది వాటి సారం. మన దేశంలో, మన రాజధానిలో ఒప్పుకున్న మాట అది. మన పట్టణాల్లో పాత ఇళ్లు కూలగొట్టే కాగితాల్లో ఆ మాట ఎక్కడా కనపడకపోవడం నన్ను బాధిస్తుంది.

దూలాన్ని పారేస్తే ఇంకొకటి కూడా పోతుంది. టేకు ఏటేటా వలయం కడుతుంది. మంచి వానల ఏడు వెడల్పు వలయం, కరవు ఏడు సన్న వలయం. పుణెలోని ఉష్ణదేశ వాతావరణ సంస్థ శాస్త్రజ్ఞులు టేకు వలయాలు చదివి, వానలు కొలిచే పరికరాలు లేని కాలపు వానల లెక్క తీశారు. గోదావరి మీద తెప్పలుగా కట్టి రాజమండ్రికి దించిన టేకు మన కోస్తా ఇళ్లలో దూలాలైంది. బస్తరులో ప్రవహించే ఇంద్రావతి ఆ గోదావరిలోనే కలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం మనుషులు పని కోసం ఇటు రాకముందే, ఈ వైపు అడవుల వానలు ఆ దూలాల్లో రాసుకుని అటు వెళ్లి ఉండవచ్చు. ఆ రాతను చదవకుండా కోసి అమ్మేసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

బాబాయి పోయాక పిన్ని నన్ను ఊళ్లో వాళ్ల పాతిల్లు చూసి రమ్మంది. అన్నదమ్ముల పిల్లలు పడగొడదామంటున్నారు, నువ్వు చెప్పరా అంది. వెళ్లాను. 9 టేకు దూలాలు, 18 కొనలు. ఈసారి పద్దెనిమిదీ చూశాను. ప్రతి కొన దగ్గరా తేమ కొలిచి, కొట్టి విని, సందేహమున్న చోట సూది దింపి, దూలం దూలానికీ ఒక కాగితం రాశాను. పోయినవి 4. పుచ్చు ఆగిన చోటికి జానెడు అవతల, మంచి కొయ్యలో కోయించి, అదే జాతి పాత టేకుతో అతికించి, స్టెయిన్‌లెస్ ఉక్కు పలకలు, బోల్టులతో బిగించాం. ఊరి వడ్రంగి ప్రతి అతుకూ అయ్యాక దూలాన్ని వేలితో కొట్టి నా ముఖం చూసేవాడు. నడిమి దూలానికి రెండు కొసలా మేకులు కొట్టి దారం లాగాను. దారానికీ దూలం అడుగుకూ మధ్య ఎడం 14 మిల్లీమీటర్లు. ఏటా వానలు వెళ్లాక కార్తీకంలో వెళ్లి కొలుస్తున్నాను. నిరుడూ 14 మిల్లీమీటర్లే. కొలిచి నిచ్చెన ఇంటి వెనక్కి మార్చి, తూములో చేరిన వేపాకు తీసేసి వచ్చాను.